రైలు పాసు, కొండదారి

నంద్యాల జిల్లా దొర్నిపాడు నుండి ఒక సోదరి పంపిన ప్రశ్న ఈ నెల మా శీర్షికకు విషయమయింది. ఆమె అన్న జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. రానున్న వేసవిలో తల్లిదండ్రులను మూడు వారాలపాటు తన వద్దకు పిలిపించుకొని, ఆల్ప్స్ పర్వతాలు చూపించాలని సంకల్పించాడు. ఇటీవలే ఉద్యోగ విరమణ చేసిన తండ్రి ఐరోపా పటం ముందు పెట్టుకొని, ఒకే రైలు పాసుతో 33 దేశాలు తిరగవచ్చునని రోజూ లెక్కలు వేస్తున్నారట. తల్లి కోరిక వేరు. ఒక మంచి కొండ పక్కన నాలుగు రోజులు నిలిచి, కాలినడకన తిరిగి, ఆ గాలి పీల్చుకొని వస్తే చాలునంటున్నారు. అయితే ఆమెకు మోకాళ్ల నొప్పి. “ఇద్దరి మధ్య మాట పెరగకముందే మీరు చెప్పండి, ఏ పాసు కొనాలి?” అన్నది ప్రశ్న.

మా అభిప్రాయం ముందే చెబుతాము. తల్లిగారి కోరికే సరైనది. ఖర్చు దృష్ట్యా చూచినా అదే తక్కువ.

మన ఇళ్లలో స్త్రీల ప్రయాణాలను ఒకసారి గుర్తు చేసుకోండి. పుట్టింటికి, పెళ్లికి, మరణించిన వారింటికి, నంద్యాలలోనో కర్నూలులోనో ఆసుపత్రికి. భూమిపై సంచరించి సృష్టి ఏ విధంగా ఆరంభమయిందో చూడమని దివ్యఖుర్ఆన్ అన్‌కబూత్ సూరాలో వచ్చిన పిలుపు పురుషులకు మాత్రమే పరిమితమని ఎవరూ అనలేదు. అయినా, కేవలం చూడడానికే బయలుదేరిన ప్రయాణం ఎందరు తల్లుల జీవితంలో ఒక్కటైనా ఉంది? ఆ తల్లి నాలుగు రోజుల నడక అడిగినప్పుడు, దానిని పాసు లెక్కలో పడవేసి ముప్పై స్టేషన్ల పరుగుగా మార్చడం భావ్యం కాదు.

ఇక పాసుల సంగతి. మన వద్ద పాసు అనగానే రెండు స్టేషన్ల మధ్య రోజూ వెళ్లివచ్చే వారి సీజన్ టికెట్టే స్ఫురిస్తుంది. దొర్నిపాడు వారికి రైలు దగ్గరయిందే 2016లో, నంద్యాల–యర్రగుంట్ల మార్గం కోవెలకుంట్ల మీదుగా పూర్తయినప్పుడు. బయలుదేరిన చోటికే తిరిగి చేరేలా, నడుమ ఎనిమిది చోట్ల దిగే వీలుతో సర్క్యులర్ జర్నీ టికెట్ అనేది కూడా మన రైల్వేలో ఉంది గాని, దానిని అడిగేవారు అరుదు. ఐరోపా పాసులు వీటికి భిన్నం. అక్కడ మనం కొనేది దూరం కాదు, రోజులు. ఆ రోజు ఎన్ని రైళ్లు ఎక్కినా, ఒక్కటీ ఎక్కకపోయినా వెల ఒకటే. అందువలన నడిచే రోజుకు పాసు కొన్నవాడు నడవని రైలుకు డబ్బు చెల్లించినట్లే.

తండ్రిగారు చూస్తున్నది యూరైల్ పాసు. ఐరోపా వెలుపల నివసించే వారి కోసం 1959లో మొదలయింది. నెల లేదా రెండు నెలల గడువులో నాలుగు, అయిదు, ఏడు, పది, పదిహేను ప్రయాణ దినాలు మన ఇష్టం వచ్చినప్పుడు వాడుకొనే రకం ఉంది. వరుసగా పదిహేను రోజులో, నెలో సాగే రకం మరొకటి. 60 ఏళ్లు నిండినవారికి కొంత తగ్గింపు కూడా ఉంది. చిక్కు మరొక చోట ఉంది. మ్యూనిక్‌లో నివసిస్తున్న కుమారుడికి ఈ పాసు ఇవ్వరు. ఐరోపా నివాసులకు 1972లో వచ్చిన ఇంటర్‌రైల్ వేరు. దానితో తాను నివసించే దేశంలో ఒక్కసారి బయటికి, ఒక్కసారి లోపలికి మాత్రమే ప్రయాణించగలడు. అంటే ఒకే బోగీలో కూర్చున్న ఆ ముగ్గురి చేతుల్లో రెండు రకాల పాసులు, రెండు రకాల నిబంధనలు ఉంటాయి. పైగా ఫ్రాన్స్, ఇటలీల వేగ రైళ్లకు, రాత్రి రైళ్లకు పాసు ఉన్నా సీటు రిజర్వేషన్ రుసుము వేరుగా చెల్లించాలి. నాలుగు దేశాల రాజధానులు చుట్టాలనుకునే వారికి ఇది మంచిదే. కొండ నడకకు వెళ్లేవారికి దీనితో పని లేదు.

వారికి కావలసినది కుమారుడి గుమ్మంలోనే ఉంది. జర్మనీ ప్రభుత్వం 2023 మే 1న డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ టికెట్టు ప్రవేశపెట్టింది. అప్పుడు వెల 49 యూరోలు, 2025లో 58, 2026 జనవరి నుండి 63. దేశమంతటా ప్రాంతీయ రైళ్లు, నగర రైళ్లు, ట్రాములు, సిటీ బస్సులు అన్నీ దీనితో ఎక్కవచ్చు. దూర ప్రయాణపు ఐసీఈ, ఐసీ, ఈసీ రైళ్లు మాత్రం ఎక్కరాదు. పర్యాటకులు కూడా తీసుకోవచ్చు. ఎవరి పేరున ఉన్నది వారే వాడాలి గనుక పాస్‌పోర్టు వెంట ఉండాలి. మ్యూనిక్ నుండి ప్రాంతీయ రైలులో దాదాపు గంటన్నరలోపే గార్మిష్–పార్టెన్‌కిర్హెన్ చేరవచ్చు. మిట్టెన్‌వాల్డ్, ఓబర్‌స్ట్‌డార్ఫ్, బెర్హ్‌టెస్‌గాడెన్, టేగెర్న్‌జే, అన్నీ ఆల్ప్స్ పాదాల వద్ద ఉన్న ఊళ్లే, అన్నిటికీ ఇదే టికెట్టు. సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ స్టేషను వరకూ చెల్లుతుంది. తల్లిదండ్రులిద్దరికీ కలిపి నెలకు 126 యూరోలు. కుమారుడు ఉద్యోగానికి వెళ్లిన రోజున కూడా వారిద్దరూ ఉదయం ఆకాశం చూసి, తెరిపిగా ఉంటే రైలెక్కవచ్చు, మబ్బు పట్టి ఉంటే ఇంట్లో ఉండవచ్చు. పోయిన రోజుకు బాధ లేదు. కొండ ప్రయాణంలో ఇంతకు మించిన సౌకర్యం లేదు. జూలై, ఆగస్టులలో అక్కడ మధ్యాహ్నం దాటాక ఉరుములతో వానలు సర్వసాధారణం.

ఆడబిడ్డ, మనుమలు కూడా వెళ్లేటట్లయితే బయర్న్ టికెట్ అనే ఒక రోజు టికెట్టు చూడండి. అయిదుగురి వరకు ఒకే టికెట్టుపై బవేరియా రాష్ట్రమంతా తిరగవచ్చు. పని దినాలలో ఉదయం తొమ్మిది తరువాతే చెల్లుతుంది.

గార్మిష్ వద్ద పార్ట్‌నాహ్ నది కొండను చీల్చుకొని పారే ఇరుకు లోయ ఉంది. దాదాపు 700 మీటర్ల పొడవునా రాతిలో తొలిచిన బాట. ప్రవేశానికి రుసుము ఉంది. జల్లు మీద పడుతుంది గనుక వాన కోటు తప్పదు. అదే ప్రాంతంలో ఐబ్‌జే సరస్సు చుట్టూ ఏడున్నర కిలోమీటర్ల దారి, పెద్దగా ఎత్తుపల్లాలు లేనిది. ఆ తల్లికి మొదటి నడకగా మేము దీనినే సూచిస్తాము. 1946 నాటి బవేరియా రాజ్యాంగం 141వ అధికరణం కొండలు, అడవులు, సరస్సుల వద్దకు వెళ్లి ప్రకృతిని అనుభవించడం ప్రతి ఒక్కరి హక్కని రాసి పెట్టింది. మన నల్లమల సంగతి వేరు. నంద్యాల నుండి గిద్దలూరుకు పోయే రైలు గాజులపల్లె, చలమ, దిగువమెట్టల మీదుగా ఆ అడవిలోనే సాగుతుంది. కిటికీ నుండి తనివితీరా చూడవలసిందే గాని, అది పులుల అభయారణ్యం గనుక దిగి ఇష్టం వచ్చినట్లు లోపలికి పోరాదు.

కుమారుడు నాలుగు రోజులు సెలవు పెట్టి స్విట్జర్లాండ్ తీసుకువెళ్లదలిస్తే అప్పుడు అసలు లెక్క వస్తుంది. షెంగెన్ వీసా ఒక్కటే రెండు దేశాలకూ చాలుతుంది. స్విస్ ట్రావెల్ పాస్ 3, 4, 6, 8, 15 వరుస రోజులకు దొరుకుతుంది. 2024లో రెండవ తరగతి మూడు రోజులది 244 ఫ్రాంకులు, పదిహేను రోజులది 459. రోజుకు 81 ఫ్రాంకులు ఎక్కడ, 31 ఫ్రాంకులు ఎక్కడ అని చూడగానే ఎక్కువ రోజులది కొనాలని మనసు లాగుతుంది. సంతలో కిలో అడిగితే అయిదు కిలోల ధర చెప్పే పద్ధతే అది. రైళ్లు, బస్సులు, సరస్సులలో పడవలు, 500కు పైగా మ్యూజియములు దీనిలో కలిసి ఉన్న మాట నిజమే. కాని ఇంటర్‌లాకెన్ దాటి, కార్లు లేని వెంగెన్ గ్రామం వరకే రైలు ఉచితం. అక్కడి నుండి క్లైనె షైడెగ్‌కు ఎక్కే పళ్ల పట్టాల రైలుకు, మెన్‌లిహెన్ రోప్‌వేకు పాసు ఉన్నవారికి కూడా రాయితీ మాత్రమే. నడిచేవారికి రోజూ పడే ఖర్చు ఆ పైభాగానిదే. కాబట్టి ఒకే గ్రామంలో నాలుగు రోజులు ఉండేవారికి హాఫ్ ఫేర్ కార్డు మేలు. నెల రోజులపాటు రైళ్లు, బస్సులు, చాలావరకు కొండ రైళ్లు, రోప్‌వేలు సగం ధరకే ఎక్కనిస్తుంది. ఇంట్లో అందరూ ఒకే టికెట్టు కొనాలన్న నియమమేదీ లేదు. తండ్రిగారికి రైలు, పడవ ప్రయాణాలే ప్రీతి అయితే ఆయన పాసు తీసుకోవచ్చు, తల్లీ కొడుకులు హాఫ్ ఫేర్ కార్డుతో కొండపైన ఉండవచ్చు. పదహారేళ్లలోపు పిల్లలకు తల్లి లేదా తండ్రి వెంట ఉంటే ఫ్యామిలీ కార్డుపై టికెట్టు అవసరం లేదు. బస చేసిన ఇంటివారు ఇచ్చే అతిథి కార్డును కూడా అడిగి తీసుకోండి. చాలా ఊళ్లలో స్థానిక బస్సులు దానితో ఉచితం.

మోకాళ్ల విషయం. కొండ ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లకు కష్టం. చాలామంది పైకి రోప్‌వేలో వెళ్లి కిందికి నడుస్తారు. నొప్పి ఉన్నవారు తిరగవేయాలి, ఎక్కేటప్పుడు మెల్లగా నడిచి, దిగేటప్పుడు రోప్‌వే ఎక్కాలి. వెంగెన్ నుండి రైలులో 2,061 మీటర్ల ఎత్తున ఉన్న క్లైనె షైడెగ్‌కు వెళ్లి, అక్కడి నుండి మెన్‌లిహెన్‌కు నడిస్తే సుమారు నాలుగున్నర కిలోమీటర్లు. ఎక్కుడు రెండు వందల మీటర్ల లోపే. ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రా మూడు శిఖరాలూ కనబడే దారి. చివర రోప్‌వేలో నేరుగా వెంగెన్‌లో దిగవచ్చు. అక్కడి పసుపు పలకలపై దూరం ఉండదు, సమయం ఉంటుంది. ఆ సమయం విశ్రాంతి లేకుండా చురుకుగా నడిచేవారిది, మనం ఒకటిన్నర రెట్లు వేసుకోవాలి. పసుపు గుర్తు ఉన్న దారులే పెద్దవారికి తగినవి. తెలుపు–ఎరుపు–తెలుపు గుర్తు కొండబాట, తెలుపు–నీలం–తెలుపు గుర్తు ఉన్నవాటి జోలికి పోవద్దు. ఇప్పటినుండే రోజూ ఫజ్ర్ తరువాత చేలగట్లపై గంటసేపు, అక్కడ వేసుకోబోయే బూట్లతోనే నడవడం అలవాటు చేసుకోవాలి. కొత్త బూట్లతో కొండకు వెళ్లడం పుండ్లను కొని తెచ్చుకోవడమే. ప్రయాణ బీమా వీసాకు ఎలాగూ తప్పనిసరి. అందులో కొండపై ప్రమాదం జరిగితే దించే ఖర్చు కలిసి ఉందో లేదో చదివి చూడండి.

నమాజ్ గురించి ఆ సోదరి అడగలేదు గాని, వెళ్లినవారికి మొదటి రోజే ఎదురయ్యే విషయమిది. దొర్నిపాడులో పడమటికి నిలబడే మనం ఆల్ప్స్‌లో ఆగ్నేయ దిశకు నిలబడాలి. జూన్ చివర మ్యూనిక్‌లో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదింబావు ప్రాంతంలో. ఇషా అర్ధరాత్రికి జరుగుతుంది, ఫజ్ర్ వెంటనే తరుముకొస్తుంది. అక్కడి మస్జిద్ వారి సమయ పట్టికను అనుసరించడం సులభం. ప్రయాణికునికి నాలుగు రకాతుల ఫర్జ్ నమాజ్‌లు రెండుగా తగ్గుతాయి. హనఫీ మతం ప్రకారం సుమారు 78 కిలోమీటర్ల దూరం దాటితే ప్రయాణం, ఒకే ఊరిలో పదిహేను రోజులు లేదా అంతకు మించి ఉండే సంకల్పం ఉంటే నివాసం. ఆ లెక్కన మ్యూనిక్ నుండి గార్మిష్ ప్రయాణమవుతుంది, టేగెర్న్‌జే కాదు. తిరిగి వచ్చాక సంకల్పం ఎలా మారుతుందో బయలుదేరే ముందే మీ ఇమామ్ గారిని అడిగి తెలుసుకోండి. కొండవాగు నీరు వేసవిలోనూ వేళ్లు కొంకర్లు పోయేంత చల్లన. వుజూతో తొడిగిన చర్మపు మేజోళ్లపై మసహ్ చేసే వెసులుబాటు నివాసికి ఒక పగలు రాత్రి, ప్రయాణికునికి మూడు పగళ్లు మూడు రాత్రులు.

భోజనం విషయంలో రెండు జాగ్రత్తలు. స్విస్ వారు రొట్టె ముంచుకొని తినే కరిగిన జున్ను వంటకం ఫాండ్యూలో సాధారణంగా వైన్ కలుపుతారు. రోష్టి అనే బంగాళాదుంప వేపుడులో పంది మాంసపు ముక్కలు తరచుగా వేస్తారు. శాకాహారమని పేరుంటే చాలదు, అడిగి తినాలి. ఆస్ట్రియాలోని జెల్ ఆమ్ జే వంటి చోట్ల అరబ్ దేశాల యాత్రికులు వేసవిలో విశేషంగా వస్తారు గనుక హలాల్ భోజనం దొరుకుతుంది. మిగిలిన చోట్ల జొన్నరొట్టె, శనగల పొడి వెంట ఉంటే ఏ కొండపైనా ఇబ్బంది ఉండదు.

ఊటీకి వెళ్లినవారు మెట్టుపాళయం నుండి ఎక్కిన పళ్ల పట్టాల రైలు గుర్తుండే ఉంటుంది. ఆ పద్ధతి స్విస్ ఇంజనీరు రోమన్ ఆబ్ట్ రూపొందించినదే. తండ్రిగారికి ఆ రైళ్లు చూడాలని ఉంటే వెంగెన్‌లోనే చూడవచ్చు, అందుకు 33 దేశాలు తిరగనక్కరలేదు.

టికెట్టు కొనే ముందు కుమారుడు గమనించవలసినది ఒకటి మిగిలింది. డాయిచ్‌లాండ్ టికెట్ క్యాలెండరు నెలకు లెక్క. ప్రయాణం జూన్ 20న మొదలై జూలై 10న ముగిస్తే రెండు నెలలకు చెల్లించవలసి రావచ్చు. జూలై మొదటి వారంలో చేరి అదే నెలలో తిరిగివచ్చేలా విమానం టికెట్లు తీసుకోండి. ఇది రద్దు చేసేవరకు నెలనెలా దానంతటదే సాగే చందా. రద్దు చేయాలంటే ఆ నెల 10వ తేదీలోపు తెలియజేయాలి. తల్లిదండ్రులు 5వ తేదీన దిగితే, రద్దు కోరుతూ ఆ వారంలోనే రాయాలి. నెలాఖరు వరకు టికెట్టు యథావిధిగా పనిచేస్తుంది.