కొండకును ఒక ముఖమున్నది

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల ఛాయాచిత్రములనగానే కనబడునవి మహానంది కోనేరు, అహోబిల గోపురము, ఉత్సవమూర్తులు. అందులో తప్పేమియు లేదు. కాని ఆ గోపురముల వెనుక నిలిచిన నల్లమలకు ఆ చిత్రములలో నాటకమునందలి తెరకున్న గౌరవమే దక్కుచున్నది.

ఈ అలవాటు కొత్తది కాదు. రాజా దీన్‌దయాళ్ (1844–1905) నిజాము కొలువులో చూపిన పనితనములో చాల భాగము ప్రాసాదములపైనను, దర్బారు ప్రముఖులపైనను వ్యయమైనది. తరువాతి కాలమున బండి రాజన్‌బాబు (1939–2011) ఆదివాసుల జీవితమును నలుపు తెలుపులలో కళగా నిలబెట్టెను. తెలుగు ఛాయాచిత్రకళ మనిషిని బాగుగనే చూచినది. మనిషి లేని నేలను చూచుటకు దానికి ఇంకను తీరిక చిక్కలేదు.

ఆ తీరిక వలన ఏమి ఒరుగునని అడుగువారికి అమెరికా దేశీయుడు ఆన్సెల్ ఆడమ్స్ ఉదాహరణము చాలును. 1927లో యోసెమిటీ లోయలోని హాఫ్ డోమ్ శిఖరమును తీయుచు, ఆయన కటకము ముందు ఎర్ర గాజును అమర్చెను. ఆకాశము దాదాపు నల్లనైనది, శిల వెలిగినది. కంటికి కనబడినది గాక మనసునకు తోచినది ఆ పలకపై పడినది. 1938లో ఆయన ప్రచురించిన సియెర్రా పర్వతముల చిత్రసంపుటి, 1940లో కింగ్స్ కాన్యన్ జాతీయవనము ఏర్పడుటకు తోడ్పడినది. చిత్రము చట్టసభ వరకు నడచి వెళ్ళినదన్నమాట!

అట్టి శిలలు ఇచ్చట లేకపోలేదు. భూగర్భశాస్త్రజ్ఞులు ఈ సీమలోని రాతిపొరలకు ఊళ్ళ పేర్లే పెట్టినారు: బనగానపల్లె, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. తమ ఊరి పేరు ఒక ప్రాచీన శిలకున్నదని ఎందరు విద్యార్థులకు తెలియును? నల్లమల నంద్యాలకు తూర్పున ఉన్నది. కనుక ఉదయము కొండముఖము నీడలో నుండును, సాయంకాలపు ఎండ దానిపై సూటిగ పడును. ఆ గంటకొరకు కాచుకొనుటయే ఈ కళలో మొదటి పాఠము. నేడు ప్రతి చేతిలోను ఫోను కలదు, లోపించినది ఓర్పు. ఆళ్ళగడ్డ శిల్పులు దీనిని చక్కగా బోధింపగలరు. శిల్పశాస్త్రములు రాతిని తట్టి, ధ్వనినిబట్టి పురుష, స్త్రీ, నపుంసక శిలలుగా విభజించినవి. ఉలి పట్టుటకు ముందే ఇంత పరీక్ష!

అయితే అందమైన కొండను మాత్రమే తీయుట సగము పని. కెనడా దేశీయుడు ఎడ్వర్డ్ బర్టిన్‌స్కీ ఇటలీలోని కరారా పాలరాతి గనులను చిత్రించెను. గాయమును సుందరముగ చూపుచున్నాడని ఆయనపై ఒక విమర్శ కలదు. విమర్శలో బలమున్నది. కాని వికారముగ తీసిన చిత్రమును ఎవరు నిలిచి చూతురు? బేతంచెర్ల, బనగానపల్లె బండలు తెలుగువారి ఎన్నో ఇండ్లలో పరచబడినవి. ఆ బండపై కూర్చుండి చదువుకొనిన పిల్లవానికి, అది లేచివచ్చిన గొయ్యి ఎట్లుండునో తెలియదు. ఏటేట ఒకే చోట నిలిచి, ఒకే గనిని, ఒకే ఋతువులో తీసిన పది చిత్రములు పాఠశాల గోడపై వరుసగ వ్రేలాడినచో ఆ గొయ్యి ఎంత పెరిగినదో ఉపాధ్యాయుడు నోరు విప్పి చెప్పవలసిన పనియుండదు.