ఇంటి నాణెము - గారడి బేరము

కరవుసీమలో ధాన్యమునకంటె ఆశకు గిరాకి హెచ్చు. వాన మొగము చాటువేసిన యేట అనంతపురపు మెట్టచేలలో వేరుసెనగ యెండును, బోరుబావులు వట్టిపోవును. అట్టి దినములలో పాతపెట్టె యడుగున దొరకిన రాగిబిళ్ల యొక్కటి యింటిల్లిపాదికిని దైవమై కూర్చుండును. ఆ వాసన పట్టి దళారి వచ్చును. ఈ నాణెమునకు బియ్యపుగింజలను లాగుకొను శక్తి కలదనియు, దీనిని అంతరిక్ష పరిశోధకులు కోట్లు పోసి కొందురనియు చెప్పును. దీనికి 'రైస్ పుల్లింగ్' అని పేరు. ఈ మోసమును మాత్రమే గాక, దీనికి తలుపు తీయుచున్న చదువుకొన్నవారి యుపేక్షను గూడ ఖండింపవలెనని మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

దళారి నాణెమును కొనుటకు వచ్చినవాడు కాడు, అమ్మువానిని కొనుటకు వచ్చినవాడు. మొదట ధన మడుగడు. కోటీశ్వరుడు సిద్ధముగా నున్నాడనును. పిమ్మట శాస్త్రజ్ఞులు పరీక్షింపవలెననును. ఆ పరీక్షకు రుసుము, వారి ప్రయాణమునకు వ్యయము, కిరణములు సోకకుండ తొడుగుకొను దుస్తులకు మూల్యము కోరును. ఒక్కొక్క మెట్టున ఒక్కొక్క నగ కుదువకు పోవును. పరీక్ష మాత్రము ఏదో యొక లోపముచే వాయిదాపడుచునే యుండును. మోసపోయినవాడు సిగ్గుచే నోరు మెదపడు. ఆ మౌనమే దళారికి మరుసటి గ్రామమునకు దారిబత్తెము.

ఇక శక్తి మాట విచారింతము. బియ్యములో అయస్కాంతము లాగదగినంత యినుము లేదు. రాగి అయస్కాంతము కాదు. గింజలకు ఇనుపపొడి పట్టించి, బిళ్లలోనో బల్లక్రిందనో అయస్కాంతము దాచినచో గింజలు కదలును. అది నాణెపు మహిమ గాదు, చేతివాటము. పిడుగు పడుటచే రాగి 'ఇరిడియము'గా మారినదందురు. పిడుగు ఒక లోహమును వేరొక లోహముగా మార్పజాలదు. ఇరిడియమును 1803లో స్మిత్సన్ టెన్నంటు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కనుగొనెను. రాగి 1085 డిగ్రీల వేడిమికి కరగగా, ఇరిడియము కరగుటకు 2446 డిగ్రీలు కావలెను. నాటి టంకశాలల కొలుములకు అది యలవి కాని పని.

దళారులు చూపు బిళ్లలలో తఱచుగా ఒకవైపున సీతారాముల పట్టాభిషేకమో ఆంజనేయుడో, రెండవవైపున ఈస్టిండియా కంపెనీ పేరు, అర్ధణా యను మాట, 1818 అను సంవత్సరము నుండును. ఇట్టి నాణెమును కంపెనీ యెన్నడును ముద్రింపలేదు. కంపెనీవారు చెన్నపట్టణమున వరాహములపై విష్ణుమూర్తిని ముద్రించిరి కదా యని విజ్ఞులెవరైన నడుగవచ్చును. నిజమే. ప్రజలు వాడుకపడిన వరాహమును వ్యాపారమునకై వారనుకరించిరి. అంతమాత్రమున ఈ రామటంకపు అర్ధణా నిజమగునా? ఇవి భక్తులకును వేడుకకాండ్రకును అమ్ముటకై పిమ్మట పోతపోసిన బిళ్లలు. వానిని పూజాపీఠమున నుంచుకొన్నవారిని మేము గేలిచేయము. భక్తికి వెల కట్టి సంతలో పెట్టువానినే నిందించుచున్నాము.

పెద్దలు దాచినది వ్యర్థము కాదని కొంద రందురు. మేమును కాదనము. కాని దాని విలువ యెచ్చట నున్నదో తెలిసికొనవలెను. 1565లో తళ్లికోట యుద్ధము ముగిసిన పిమ్మట తిరుమలరాయలు పెనుగొండను రాజధానిగా జేసికొనెను. సీతారాములు కూర్చుండగా లక్ష్మణుడు నిలిచియున్న నిజమైన వరాహములు ఆతనివే. వెనుకవైపున నాగరిలిపిలో ఆతని పేరుండును. బాలకృష్ణుడున్నచో కృష్ణదేవరాయలది, గండభేరుండమున్నచో అచ్యుతరాయలది యని తెలియవచ్చును. ఇవి బంగారు నాణెములు. వరాహము తూకము సుమారు 3.4 గ్రాములు. రాగిబిళ్లపై ఏనుగు, వెనుక పారసీలిపి యున్నచో టిప్పుసుల్తానుది కావచ్చును. మన గుత్తికోటకు ఆతడు పెట్టిన పేరు 'ఫైజ్ హిసార్'. అచ్చటనే ఆతనికొక టంకశాల యుండెను. రాముని పేర దళారి యల్లిన కట్టుకథకంటె, గుత్తిలో ముద్రితమై మన తాతల చేతుల మీదుగా నడచిన యొక రాగిబిళ్ల కథ యెంత గొప్పది!

పాతదైనంతమాత్రమున అపురూపము కాదని గూడ చెప్పవలసియున్నది. కంపెనీవారు 1808లో మన చెన్నరాజధానికై ఇంగ్లండులో ఇరువది కాసుల నాణెములను ముద్రించి రాసులుగా పంపిరి. వానిని మోసికొని వచ్చుచున్న అడ్మిరల్ గార్డ్నర్ అను ఓడ 1809లో ఇంగ్లండు తీరముననే మునిగెను. ఆ ఓడనుండి పైకి తీసిన నాణెములే నేడు వేలకొలది అంగళ్ల కెక్కినవి. రెండువందల యేండ్లు దాటిన వస్తువు సైతము స్వల్పమూల్యమునకు దొరకుచుండగా, కోట్ల మాటను నమ్ముట యెట్లు?

నిధి పిచ్చి ముదిరిన యెడల ఎచ్చటికి పోవునో మన సీమకు వేరుగ చెప్పవలసిన పనిలేదు. 2019 జూలైలో తనకల్లు మండలము కొర్తికోటలో శివాలయముకడ ముగ్గురు గొంతులు కోయబడి హతులైరి. గుప్తనిధులకై చేసిన బలియని నాడు అనుమానింపబడెను. నాణెముపై మోజు, నిధిపై మోజు, బలిపై నమ్మకము వేర్వేరు కావు. ఒకే చెట్టునకు కొమ్మలు.

కావున గృహస్థులకు మేము చెప్పునది యింతే. నాణెము దొరకినచో చింతపండుతో తోమకుడు. తోమిన అక్షరములరిగి సాక్ష్యము నశించును. చిన్న త్రాసున తూచి, కొలిచి, ఇరువైపుల ఛాయాచిత్రము తీయించి, లిపి నెరిగినవారికిని పురావస్తుశాఖవారికిని చూపుడు. భూమిలో పాతిపెట్టబడి దొరకిన సొత్తు పదిరూపాయలకు మించిన విలువగలదైనచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిధుల చట్టము విధించుచున్నది. తాతలనాటి పెట్టెలోని నాణెమునకు మాత్రము ఆ భయము లేదు. అమ్మదలచినచో ఒక్క నియమము చాలును: కొనువాడు ధనమిచ్చును గాని అడుగడు. అడిగినవాడు కొనువాడు కాడు.

పట్టభద్రులు సైతము ఈ బేరములలో చిక్కుచున్నారన్న లోపము బుద్ధిలో లేదు, అభ్యాసములో నున్నది. విజ్ఞానశాస్త్రమును పరీక్షకు చదివి, పెట్టెలోని రాగిబిళ్ల యెదుట మరచుచున్నాము. మన బిడ్డలకు నాణెమును మ్రొక్కుటకంటె ముందు చదువుట నేర్పుదము. చదువబడిన నాణెముతో ఏ దళారియు బేరమాడజాలడు.