వెనక బత్తీ ఎవరి కోసం?

మొన్న ఇషా తర్వాత బోధన్ నుంచి నిజామాబాద్ వస్తున్నాను. ఎడపల్లి దాటాక చీకట్లో నా ముందు హఠాత్తుగా ఓ పాత బైక్. మియా, బీవీ, నడుమ చంటిబిడ్డ. ముందు తెల్లటి ఎల్ఈడీ ధగధగలాడుతోంది, వెనక బత్తీ లేదు. గజం దూరంలో నా బ్రేకు పడింది, అల్‌హందులిల్లాహ్.

ఆపి చెబితే ఆ భాయి అన్నాడు: "బ్యాటరీ కొత్తదే ఏయించిన భాయ్, అయినా ఎలుగుతలేదు."

గలత్‌ఫహ్మీ అక్కడే ఉంది. పాత స్ప్లెండర్ లాంటి వంద సీసీ బండ్లలో హెడ్‌లైటుకూ వెనక బత్తీకీ కరెంటు బ్యాటరీ నుంచి రాదు. ఇంజిన్ తిరిగితే మ్యాగ్నెట్ కాయిల్ నుంచి వస్తుంది. రేస్ ఇస్తే వెలుగు పెరిగేది అందుకే. హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు బ్యాటరీవి. హారన్ గట్టిగా మోగుతూ బత్తీలు వెలగకపోతే బ్యాటరీ మార్చడం ఫుజూల్ ఖర్చు.

వెనకది ఒక్కటే ఆరితే ముందు బల్బు, తర్వాత హోల్డర్‌లో తుప్పు, వదులైన ఎర్త్ వైరు చూడాలి. ముందూ వెనకా రెండూ ఆరితే స్విచ్, కప్లర్, కాయిల్. బల్బులు మాటిమాటికీ మాడిపోతుంటే కసూర్ సాధారణంగా బల్బుది కాదు, రెగ్యులేటర్‌దో దాని ఎర్త్‌దో.

కానీ నా షికాయత్ మిస్త్రీల మీద కాదు, మన మీద. ముందు రోష్నీకి వందలు పెడతాం. చిన్న ఎర్ర బల్బును మాత్రం "రేపు చూద్దాం" అంటాం. ముందుది మనకు దారి చూపుతుంది. వెనకది మనల్ని పరాయివాడికి చూపుతుంది. పరాయివాడి కోసం అనుకుంటాం గానీ, వాడికి మనం కనబడకపోతే పోయేది మన బిడ్డ జాన్.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఇదే సడక్ మీద చెరకు బండ్లు రాత్రుళ్లు బారులు తీరేవి. ఎడ్లకు దారి తెలుసు. అయినా బండికి కందిలి కట్టేవారు, వెనక వచ్చేవాడి కోసం. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ కందిలి అఖల్ కూడా దాంతోనే పోవాలా?

2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు ఇంజిన్ స్టార్ట్ కాగానే హెడ్‌లైటు వెలిగేలా సర్కార్ తప్పనిసరి చేసింది. మకసద్ ఒక్కటే, ఎదుటివాడికి కనబడాలని. మన పాత బండ్లకు ఆ ఖానూన్ లేదు. కాబట్టి జిమ్మేదారీ మనదే.

ఈ రాత్రి బండి స్టార్ట్ చేసి, లైట్ స్విచ్ వేసి, పిల్లవాణ్ణి వెనక నిలబెట్టి అడగండి: "బేటా, ఎర్ర బత్తీ కనబడుతుందా?"