“ఒక్క క్వార్టరే గదా!”



మా చెంగిచెర్లలో పొరుగింటి సోదరి యొకతె మొన్న నా కడకు వచ్చి, తన భర్త త్రాగుబోతగునా, కాదా యని సంశయము వెలిబుచ్చినది. ఆయన తూలిపడడు, కేకలు వేయడు, పని మానడు. ప్రతిరాత్రియు త్రాగుట మాత్రము తప్పదు. అడిగినచో “ఒక్క క్వార్టరే గదా!” యనును. ఆ మాట కామె యేమి ప్రత్యుత్తర మీయగలదు?

ప్రత్యుత్తరము కలదు. 1989వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థవారు, ఆరు దేశములలో జరిగిన పరిశీలనను బట్టి, ‘ఆడిట్’ అను ప్రశ్నపత్రమును వెలువరించిరి. ప్రశ్నలు 10, ఒక్కొక్కదానికి సున్న మొదలు 4 వరకు మార్కులు. మన పిల్లల పరీక్షలవలె గాక, ఇందు మార్కులు తగ్గుటయే మేలు. 8 గాని, అంతకు మించి గాని వచ్చినచో, త్రాగుడు హాని చేయు త్రోవ పట్టినదని వైద్యులు శంకింతురు.

ఇక నా క్వార్టరును లెక్కింతము. ఆ సీసాలో విస్కీయో బ్రాందీయో 180 మిల్లీలీటర్లుండును. వైద్యులు 30 మిల్లీలీటర్లను ఒక కొలతగా గ్రహింతురు. అనగా సీసా యొక్కటే యైనను కొలతలు 6! ప్రతిదినము త్రాగుచున్నందుకు 4 మార్కులు. త్రాగిననాడు 6 కొలతలైనందుకు 2. ఒక్కమారే 6 కొలతలు పుచ్చుకొనుట నిత్యకృత్య మైనందుకు మరల 4. మూడు ప్రశ్నలకే 10 మార్కులైనవి! తూలుట, కేకలు వేయుట లెక్కకు రానే లేదు.

తక్కిన ప్రశ్నలు, మొదలిడిన పిదప ఆపలేకపోవుట, ప్రొద్దున లేవగనే త్రాగవలసివచ్చుట, రాత్రి జరిగినది మరచుట మున్నగువానిని గూర్చినవి. నాకు మిక్కిలి నచ్చినది పదియవది. బంధువులు గాని, మిత్రులు గాని, వైద్యులు గాని త్రాగుడును గూర్చి చింతించి, తగ్గింపుమని చెప్పిరా? ఏడాదిలోపల చెప్పియున్నచో 4 మార్కులు. సణుగుడని కొట్టివేయబడిన యిల్లాలి మాటకు పండితులు సాక్ష్యపు విలువ నిచ్చిరి! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల మాట ప్రభుత్వము చెవిని బడినది గాని, ఇంట మగని చెవిని బడుటయే దుర్ఘటము.

పత్రమును నిందగా నాయన ముఖముపై విసరకుడు. త్రాగిన వేళ అసలే వలదు. తీరికగా నున్న యుదయమున ఆయన చేతికే యిచ్చి, ఆయన చేతనే మార్కులు వేయింపుడు. ఇది రోగనిర్ణయము కాదు, నిర్ణయింపవలసినది వైద్యుడు.

మరియొక ముఖ్య విషయము. మార్కులకు బెదరి, సీసా పారబోసి, నేటినుండి చుక్క ముట్టరాదని ఒట్టు పెట్టింపకుడు. చిరకాలము దినదినము త్రాగినవాడు హఠాత్తుగా మానినచో వణకు, మూర్ఛలు, మతిభ్రమణము కలిగి, ప్రాణాపాయమే సంభవింపవచ్చును. వైద్యుని పర్యవేక్షణమున మాన్పింపవలెను. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయ మున్నది. 14446 అను సంఖ్యకు ఫోను చేసినచో, రుసుము లేకయే సలహా చెప్పుదురు.

పొరుగింటి సోదరి ఆ పది ప్రశ్నలను కుమారుని నోటుపుస్తకమున వ్రాసికొని పోయినది. ఆదివారము ఉదయము, ఫలహారమైన పిదప ఇచ్చునట.