గీత తీసేస్తే గూడు

ఇంగ్లీషులో సహకార సంఘాన్ని క్లుప్తంగా ‘కో-ఆప్’ అంటారు. మధ్యనున్న చిన్న అడ్డగీత తీసేస్తే అవే అక్షరాలు ‘కూప్’ అవుతాయి. అంటే కోళ్ల గూడు!

ఆ గూడు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి రాజోలు స్త్రీలు దూరం పోనక్కరలేదు. సఖినేటిపల్లి రేవు దాటితే నరసాపురం. అక్కడ ఇళ్లలో లేసు అల్లే స్త్రీలపై మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. రోజంతా అల్లినా వాళ్లు ‘గృహిణులే’, వాళ్ల శ్రమ ‘తీరిక వేళల పనే’. వ్యాపారమూ లాభమూ మగవాళ్లవి.

1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం అధికారుల పెత్తనం లేని సంఘాలకు దారి తెరిచింది. తర్వాత మండల మహిళా సమాఖ్యలు ఆ చట్టం కిందే నమోదయ్యాయి. మరి అమలాపురంలో గాని, కొత్తపేటలో గాని మన సమాఖ్యలో తీర్మానం రాసేదెవరు? చదవకుండా సంతకం పెట్టేదెవరు? లెక్కల పుస్తకం ఎవరింట్లో ఉంది?

సంఘం మన పేరున ఉండి నిర్ణయం మన చేతుల్లో లేకపోతే మనకు మిగిలేది గూడే. వచ్చే సమావేశంలో ముందుగా తీర్మానాల పుస్తకం తెరిపిద్దాం. అందరికీ వినబడేలా చదివిద్దాం. ఆ తర్వాతే సంతకం.