ఆడపిల్లకు ఎంత నేల?

బాలల హక్కుల సమావేశాల్లో చదువు గురించి, పనిపిల్లల గురించి, బాల్యవివాహాల గురించి మాట్లాడతాం. ఆట దగ్గరకొచ్చేసరికి టైమైపోతుంది. "ముందు తిండి సంగతి చూద్దామండీ" అనేవాళ్లూ ఉన్నారు. ఐక్యరాజ్యసమితి 1989 బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం విశ్రాంతినీ ఆటనూ హక్కులుగానే రాసింది. 1961లో డెన్మార్క్‌లో పుట్టిన ఐపీఏ వంటి సంఘాలు ఆ హక్కు కోసం ఏళ్ల తరబడి పనిచేశాయి. మన దేశం ఆ ఒడంబడికను 1992లో ఆమోదించింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది.

ఇది స్త్రీల సమస్య అని నా వాదన.

కొల్లేటి లంక గ్రామాలనే తీసుకోండి. ఇళ్లు దాటితే చేపల చెరువు, దాని గట్టు, ఆ పక్కన ఇంకో చెరువు. 2006లో అభయారణ్యం పరిధిలో చాలా గట్లు పగలగొట్టారు గానీ పిల్లలకు మెరక నేల మాత్రం మిగల్లేదు. చెరువు గట్టే వాళ్లకు గ్రౌండు. తల్లి చేపల ప్యాకింగుకో రొయ్యల తలలు తీసే షెడ్డుకో తెల్లారకముందే వెళ్లిపోతే చంటివాడు ఎవరి చంకనెక్కుతాడు? పదేళ్ల అక్క చంక. వాడు నీళ్లలో పడకుండా చూడటమే ఆ పిల్ల ఆట. అదే ఇంట్లో పన్నెండేళ్ల అన్న బ్యాటు పట్టుకుని వెళ్లిపోతాడు, అతన్ని ఎవరూ ఆపరు. నీటి ప్రమాదాలు తగ్గాలంటే చిన్నపిల్లలకు శిశు సంరక్షణ కేంద్రాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బంగ్లాదేశ్ గ్రామాల్లో అవి నడిచాయి. మన అంగన్‌వాడీ వేళలు కూలికెళ్లే తల్లి వేళలతో కలవవు. ఆ తేడా అంతా అక్క బాల్యంలోంచే తీస్తున్నాం.

ఆడపిల్లల ఆటలంటూ మనం మురిసిపోయే వాటిని కొలిచి చూడండి. వామనగుంటలు, గవ్వలు, అచ్చంగిల్లలు, తొక్కుడుబిళ్ల: అన్నీ అరుగు మీదో వాకిట్లోనో ఒదిగిపోతాయి, అమ్మ పిలిస్తే వినపడే దూరంలో. బిళ్లంగోడుకు వీధంతా కావాలి. (జానపద ఆటల మీద వ్యాసాలు రాసే పెద్దలకు ఈ కొలత ఎందుకో తట్టదు.) సమర్తాడాక ఆ వాకిలి కూడా పోతుంది.

పట్నంలో స్థలం ఉంది కదా అంటారు. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధకాలపు రన్‌వే ఉంది, ఏలూరులో అల్లూరి సీతారామరాజు స్టేడియం ఉంది. సాయంత్రం ఇలాంటి చోట్ల కాసేపు నిలబడండి. కోచింగ్‌కొచ్చే అమ్మాయిలు కనిపిస్తారు. ఊరికే ఆడుకోడానికి వచ్చినవాళ్లు నాకు చాలా అరుదుగా కనిపించారు.

వియన్నాలోనూ ఇదే జరిగింది. తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లలు పార్కులకు రావడం మానేస్తున్నారని 1990ల్లో అక్కడి పరిశోధకులు గమనించారు. కారణం సిగ్గు కాదు, మగపిల్లలు ఆక్రమించిన ఒకే ఒక పెద్ద మైదానం. 1999లో రెండు పార్కులను భాగాలు చేసి, వాలీబాల్‌కీ బాడ్మింటన్‌కీ చోటిస్తే ఆడపిల్లలు తిరిగొచ్చారు.

మన రాష్ట్రంలో 2019లో మొదలైన నాడు-నేడు పథకంలో మరుగుదొడ్లున్నాయి, ప్రహరీ ఉంది. ఇవి ఆడపిల్లలకు అవసరమే, కాదనను. కానీ మొదట ప్రకటించిన తొమ్మిది అంశాల్లో ఆటస్థలం లేదు.

2024 నుంచి జూన్ 11ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ ఆటల దినంగా జరుపుతోంది. మన సంఘాలు ఆ రోజు ర్యాలీ తీస్తాయేమో. దానికంటే, బడులు తెరిచాక ఒక టేపు పట్టుకుని ఊరి బడికి వెళ్దాం. ఆటస్థలం ఎంత, అందులో ఎవరి కట్టడాలు లేచాయి, సాయంత్రం నాలుగింటికి అక్కడ ఎవరున్నారు, ఆడపిల్లలు ఎక్కడున్నారు అన్నది రాసుకుని గ్రామసభలో పెడదాం.