తోడబుట్టినవారి మాట

మన పాఠశాలల వార్షికోత్సవములలో ఏకపాత్రాభినయము లేని సంవత్సరము అరుదు. అట్ట కిరీటము ధరించి, భుజమున గదనుంచుకొని ఒక బాలుడు మయసభలో పరాభవము పొందిన దుర్యోధనుడై నిలుచును. ఒక్క నవ్వునకు గుండె యెట్లు రగులునో అతడు అభినయించును. మనము కరతాళధ్వనులు చేయుదుము. మరునాడు అదే ఆవరణలో, నడకయో గొంతుకయో తక్కినవారివలె లేని తోటి బాలుని చూచి మనమే నవ్వుదుము. ఈ వైరుధ్యమును గూర్చి ఒకింత యోచింపవలసినదని జిగణి పరిసరములందలి తెలుగు విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును మేము మనవి చేయుచున్నాము.

తన జీవితమునే పాత్రగా గైకొని ఒంటరిగా రంగస్థలమున నిలిచినవారు ఎ. రేవతిగారు. తమిళనాడులోని నామక్కల్ ప్రాంతమున మగబిడ్డగా పెరిగి, తాను స్త్రీనని లోలోపల ఎరిగి, బడిలో హేళనలను, ఇంట అన్నల దెబ్బలను సహింపలేక ఇల్లు విడిచి హిజ్రాల సమూహమున చేరిరి. పిమ్మట బెంగుళూరులోని సంగమ సంస్థయందు పనిచేసిరి. ఆమె ఆత్మకథ 2010లో ఆంగ్లమున వెలువడినది. దు. సరస్వతిగారు దానిని ‘బదుకు బయలు’ అను పేర కన్నడము చేయగా, హెగ్గోడులోని జనమనదాట బృందము నాటకముగా ప్రదర్శించినది. ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేసిన పి. సత్యవతిగారికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారము లభించినది. రేవతిగారు ఎ. మంగైగారి దర్శకత్వమున ‘వెళ్ళై మొళి’ అను ఏకపాత్ర నాటకమును తామే అభినయించిరి. మన వీధిలో వినవచ్చు మూడు భాషలును ఈ ఒక్క జీవితమును మోసినవి.

ఆ జీవితమున మమ్ము మిక్కిలి కలచివేసినది వేరొకటి కలదు. వెడలగొట్టిన గడపనే ఆమె మరల మరల త్రొక్కిరి. అన్నదమ్ముల ఆదరము కొరకు ఆమె ఎదురుచూచుట మానలేదు. ఆమె తన మాట తాను చెప్పుకొనిరి. మరి ఇట్టి యిండ్లలో తోడబుట్టినవారి మాట ఎవరు చెప్పవలెను?

అట్టి ఏకపాత్రాభినయము మన విద్యార్థులనుండి రావలెనని మా అభిప్రాయము. అయితే దానికి కొన్ని కట్టుబాట్లు అవసరము. అక్కగానో చెల్లెలుగానో బ్రతుకదలచిన తోబుట్టువు రహస్యమును ఆమె సమ్మతి లేక సభలో విప్పరాదు. జాలి పుట్టించుటకై ఆమె కన్నీటిని అనుకరింపరాదు. అభినయించువాడు తన సంగతియే చెప్పవలెను: తానెప్పుడు నవ్వెనో, ఎప్పుడు మౌనముగా నుండెనో, పేరు పెట్టి పిలుచుటకు ఎంతకాలము సంకోచించెనో. మేమును చిన్నతనమున అట్టి నవ్వులలో గొంతు కలిపినవారమే. కావుననే ఈ మాట ఇతరులకు నీతిగా కాక, మాకును వర్తించునదిగా వ్రాయుచున్నాము.

ఇట్టి విషయములు పిల్లల బడికి తగవని కొందరు తల్లిదండ్రులు తలంపవచ్చును. వారి భయము మాకు తెలియును. కాని ఈ విషయము బడికి క్రొత్తగా వచ్చుట లేదు. ఎగతాళి రూపమున ఎప్పుడో వచ్చియున్నది. మాటాడకుండుటవలన ఎగతాళి ఆగదు. గురియైన పిల్లయే బడి మానును. 2011 జనాభా లెక్కలలో స్త్రీ పురుష వర్గములకు వెలుపల 4,87,803 మంది నమోదైరి. వీరిలో ఆకాశమునుండి ఊడిపడినవారు లేరు. ప్రతివారును ఒక యింట పుట్టినవారే.

న్యాయస్థానము తన పని తాను చేసినది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, తన లింగత్వమును తాను నిర్ణయించుకొను హక్కు వ్యక్తికి కలదని తీర్పు చెప్పినది. 2019లో చేసిన చట్టము, ట్రాన్స్‌జెండర్ అను కారణమున ఏ బిడ్డను కోర్టు ఉత్తరువు లేక తలిదండ్రులనుండి వేరుచేయరాదని పలికినది. కాని భోజనమువేళ ప్రక్కన పీట వేయుమని ఏ చట్టమును అన్నను నిర్బంధింపజాలదు. అది ఇంటివారి పని.

బళ్లారి జిల్లాకు చెందిన మంజమ్మ జోగతిగారు ఒకప్పుడు ఇంటికి దూరమై భిక్షమెత్తిరి. 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షులై, 2021లో పద్మశ్రీ గైకొనిరి. బిరుదు వచ్చిన పిదప మావారని చెప్పుకొనుట సులభము. బిరుదులేమియు లేని దినమున చెప్పుటయే కష్టము, అదియే గొప్ప.

కన్నడ సీమలో తెలుగు మాటాడుచు, మన యాసను చూచి ఎవరైన నవ్వినపుడు మనసు నొచ్చుట మనకు క్రొత్త కాదు. కొద్దిమందిగా నుండుట యెట్టిదో ఎరిగినవారము మనము; మనలో కొద్దియైనవారిని నొప్పింపరాదు.

తోడబుట్టువు అను మాటలో మొదట తోడు కలదు, తరువాతనే పుట్టుక. పుట్టుక మన చేతిలో లేదు. తోడు మన చేతిలోనిది. రాబోవు వార్షికోత్సవమున ఒక్క విద్యార్థియైన కిరీటము లేక, గద లేక నిలిచి ఆ తోడును గూర్చి పలుకునుగాక యని మా ఆకాంక్ష.